చలికాలంలో రేక్యవిక్ నుంచి డే టూర్: బస్సెక్కే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

డిసెంబర్, జనవరిలో ఐస్‌ల్యాండ్ వెళ్దామనుకునే మనవాళ్లు మొదట అడిగే ప్రశ్న "మైనస్ ఎంత ఉంటుంది?" అని. రాజధాని రేక్యవిక్‌లో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. చికాగోలోనో టొరంటోలోనో ఉండేవాళ్లకు అదసలు చలే కాదు. కానీ చిక్కంతా ఆ సున్నా దగ్గరే ఉంది. మధ్యాహ్నం వాన పడి మంచు కాస్త కరుగుతుంది, చీకటి పడేసరికి ఆ నీరే గడ్డకట్టి నేలంతా నూనె పోసిన గచ్చులా తయారవుతుంది. దాని మీద నిలబడ్డ మనిషిని తోసేసేంత గాలి. కాబట్టి ఈ టూర్‌కి సిద్ధమయ్యేటప్పుడు థర్మామీటర్ని కాస్త పక్కన పెట్టి, కాలి కింద నేల గురించి, గాలి గురించి ఆలోచించండి.

కారు అద్దెకు తీసుకోవాలా, చిన్న బస్సులో గ్రూప్ టూర్‌కి వెళ్లాలా అని అడిగితే, చలికాలంలో మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను టూరే చెప్తాను. మేకులున్న టైర్లు, ఆ రోడ్డు మీద రోజూ తిరిగే డ్రైవరు, రోడ్డు మూసేస్తే ముందే తెలుసుకుని ప్లాన్ మార్చే ఆఫీసు, ఇవన్నీ ఆ టికెట్ డబ్బుల్లోనే వస్తాయి. అయితే టూర్ తీసుకున్నాం కదా, ఇక మనకేం పట్టదు అనుకుంటే మాత్రం పొరపాటు. బస్సు దిగిన తర్వాత మన కాళ్లు మనవే.

ఏ టూర్, ఏ రోజు

రేక్యవిక్ నుంచి ముఖ్యంగా మూడు దారులున్నాయి. గోల్డెన్ సర్కిల్‌లో పాత పార్లమెంటు చోటైన థింగ్‌వెట్లిర్, వేడినీటి ఊటలున్న గేసిర్, గుల్‌ఫాస్ జలపాతం చూపిస్తారు. పోను రాను 230 కిలోమీటర్ల పైచిలుకు, ఏడెనిమిది గంటలు పడుతుంది. రెండోది దక్షిణ తీరం. సెల్యలాండ్స్‌ఫాస్, స్కోగాఫాస్ అనే రెండు జలపాతాలు, రేనిస్‌ఫ్యారా అనే నల్ల ఇసుక బీచ్ చూసుకుని వీక్ అనే ఊరి దాకా వెళ్లి రావడం, సుమారు పది పదకొండు గంటలు. మూడోది యోకుల్సార్లోన్, మంచుగడ్డలు తేలే సరస్సు. ఒకవైపే 370 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. ఒక్క రోజులో వెళ్లి రావాలంటే పద్నాలుగు పదిహేను గంటలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం బస్సులోనే గడుస్తుంది.

డిసెంబర్ మూడోవారంలో రేక్యవిక్‌లో సూర్యుడు ఉదయం 11:20 ప్రాంతంలో వచ్చి మధ్యాహ్నం 3:30కి వెళ్లిపోతాడు. నాలుగు గంటల వెలుతురు కోసం పదిహేను గంటల టూర్ చేయడం నాకైతే దండగ అనిపిస్తుంది. పైగా చీకట్లో, అలసిన డ్రైవరుతో అంత దూరం తిరిగి రావాలి. యోకుల్సార్లోన్ చూడాలని గట్టిగా ఉంటే రెండు రోజుల టూర్ తీసుకోండి, లేదంటే మార్చికి వాయిదా వేయండి. మార్చి మూడోవారానికి పగలు పన్నెండు గంటలుంటుంది, మంచూ ఉంటుంది, నార్తర్న్ లైట్స్‌కి కావాల్సిన చీకటీ ఉంటుంది.

మీరు ఎక్కువగా చూడాలనుకున్న టూర్‌ని ట్రిప్ మొదట్లోనే పెట్టుకోండి. వాతావరణం బాగాలేక కంపెనీ రద్దు చేస్తే డబ్బు వెనక్కి ఇస్తుంది, లేదా ఇంకో రోజుకి మారుస్తుంది. ఆ ఇంకో రోజు మీ దగ్గర మిగిలి ఉండాలి కదా. చివరి రోజు టూర్, అదే రాత్రి ఫ్లైట్ అని అస్సలు పెట్టుకోవద్దు. రాజధాని బయట హెట్లిస్‌హెయ్ది అనే కొండ మీదుగా పోయే రోడ్డు తుఫాను వస్తే మూసేస్తారు. దక్షిణ తీరం నుంచి తిరిగొచ్చే బస్సులు దానికి అవతలే ఆగిపోతాయి. కెఫ్లావిక్ ఎయిర్‌పోర్టేమో ఊరి నుంచి ఇటువైపు మరో 50 కిలోమీటర్లు.

అమెరికా నుంచి వచ్చేవాళ్లకు ఇంకో మాట. చాలా ఫ్లైట్లు తెల్లారుజామున దిగుతాయి. "ఎలాగూ హోటల్ రూమ్ మధ్యాహ్నం దాకా ఇవ్వరు, పొద్దున్నే టూర్ ఎక్కేద్దాం" అనుకుంటారు. రాత్రంతా నిద్ర లేకుండా మంచు మీద నడిస్తే జారిపడటానికి అంతకంటే మంచి ముహూర్తం ఉండదు. ఆ రోజు ఊళ్లోనే తిరగండి.

వీసా సంగతి చాలామందికి ఎయిర్‌పోర్టులోనే తెలుస్తుంది. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు షెంగెన్, ఐస్‌ల్యాండ్ అందులో ఒకటి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ల దగ్గర అమెరికా గ్రీన్ కార్డున్నా, బ్రిటన్ స్టూడెంట్ వీసా ఉన్నా, ఎయిర్‌పోర్ట్ దాటి బయటికి రావాలంటే షెంగెన్ వీసా ఉండాల్సిందే. దానికి కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ఇన్సూరెన్స్ అడుగుతారు. ఆ పాలసీలో మంచు మీద నడక, హిమానీనదం ఎక్కడం లాంటివి కవర్ అవుతాయో లేదో చదవండి. అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లయితే వాళ్లు ఇండియాలో ఉండగానే ఈ వీసా పని చూసుకోవడం మంచిది.

బుక్ చేసే ముందు

"స్మాల్ గ్రూప్" అని అందరూ రాస్తారు. ఒక చోట ఎనిమిది మంది, ఇంకో చోట పంతొమ్మిది. సంఖ్య చూసుకుని బుక్ చేయండి. చాలా చిన్న బస్సుల్లో డ్రైవరే గైడు. మంచు రోడ్డు మీద నడుపుతూ మైకులో కథలు చెప్తుంటాడు. అతన్ని మధ్యలో ఫోటో కోసం ఆపమని అడగొద్దు. రోడ్డు పక్కన ఆపడానికి జాగా ఉండదు, వెనక వచ్చేవాళ్లకు కనబడదు.

పిల్లలుంటే వాళ్ల వయసు, ఎత్తు బుకింగ్‌లోనే రాయండి, పిల్లల సీటు కంపెనీవాళ్లే ఏర్పాటు చేస్తారు. హిమానీనదం మీద నడిపించే టూర్లకు ఎనిమిదేళ్లో పదేళ్లో కనీస వయసు పెడతారు. ఆ వయసు దగ్గర అబద్ధం చెప్పే అలవాటు మనలో కొందరికి ఉంది, రైలు టికెట్ అనుకుంటారు. అక్కడ కాలికి కట్టే ముళ్ల పట్టీలు చిన్న పాదాలకు సరిపోవనే ఆ నిబంధన.

మంచు గుహల టూర్లు చలి బాగా ఉన్న నెలల్లో మాత్రమే తీసుకోండి. 2024 ఆగస్టులో బ్రేదామెర్కుర్‌యోకుల్ హిమానీనదంలో మంచు కూలి ఒక అమెరికన్ పర్యాటకుడు చనిపోయాడు. వేసవిలో ఆ మంచు కరుగుతూ ఉంటుంది. ఏడాది పొడవునా గుహ చూపిస్తామని ఎవరైనా అంటే ఏ గుహ, ఎక్కడ అని అడగండి.

బ్లూ లగూన్ అనే వేడినీటి స్నానాల కొలను కలిపిన టూర్ అయితే వార్తలు చూస్తూ ఉండాలి. దాని పక్కనే ఉన్న గ్రిండావిక్ ఊరిని 2023 నవంబర్‌లో ఖాళీ చేయించారు. ఆ డిసెంబర్ నుంచి అక్కడ పలుమార్లు అగ్నిపర్వతం పేలింది. అలాంటప్పుడు లగూన్ మూసేస్తారు. ఆస్తమా ఉన్నవాళ్లు గాలిలో కలిసే వాయువుల గురించి కూడా చూసుకోవాలి.

ముందురోజు రాత్రి

ఐస్‌ల్యాండ్ వాతావరణ శాఖ పసుపు, ఆరెంజ్, ఎరుపు రంగుల్లో హెచ్చరికలిస్తుంది. పసుపు మామూలే, టూర్లు నడుస్తుంటాయి. ఆరెంజ్ వస్తే రద్దయ్యే అవకాశం ఎక్కువని మనసు సిద్ధం చేసుకోండి. గాలి వేగాన్ని అక్కడ సెకనుకు ఇన్ని మీటర్లని చెప్తారు. దాన్ని 3.6తో గుణిస్తే మనకలవాటైన గంటకు కిలోమీటర్లు వస్తాయి. 20 అంటే చిన్నగానే కనిపిస్తుంది, లెక్కేస్తే 72 కిలోమీటర్లు. అందులో గొడుగు తెరిస్తే పుల్లలే మిగులుతాయి. గొడుగు ఇంట్లోనే వదిలేయండి.

బట్టల్లో జీన్స్, కాటన్ వద్దు. తడిస్తే సాయంత్రం దాకా ఆరవు. లోపల ఉన్ని థర్మల్స్, పైన ఒక ఫ్లీస్, అన్నిటికీ పైన నీరు, గాలి దూరని జాకెట్టు, అలాంటిదే ప్యాంటు. చాలామంది జాకెట్టుకి వేలు పోసి ప్యాంటు మర్చిపోతారు. జలపాతం దగ్గర తడిసేది కిందే. తలకి మన మంకీ క్యాప్‌ని మించింది లేదు. ఊటీలో పెట్టుకుంటే నవ్వేవాళ్లు కూడా అక్కడ అడిగి తీసుకుంటారు.

డబ్బు ఖర్చు పెట్టాల్సింది బూట్ల మీద. చీలమండ దాటి పైకొచ్చే వాటర్‌ప్రూఫ్ బూట్లు, వాటి కింద తగిలించుకునే రబ్బరు పట్టీ ముళ్లు, అంటే మైక్రోస్పైక్స్. రేక్యవిక్‌లో కూడా దొరుకుతాయి. బస్సులోకి ఎక్కేటప్పుడు, టైల్స్ ఉన్న చోట తీసేయాలి, లేకపోతే వాటితోనే జారతారు.

బీపీ, షుగర్ మాత్రలు చేతి సంచిలో ఉండాలి. బస్సులో కడుపు తిప్పేవాళ్లు వాంతి రాకుండా మాత్ర బయల్దేరే ముందే వేసుకోండి. అక్కడి ఎమర్జెన్సీ నంబరు 112. వాళ్ల 112 ఐస్‌ల్యాండ్ యాప్ ఫోన్‌లో పెట్టుకోండి. ఆపదలో నొక్కితే మీరున్న చోటు వాళ్లకు వెళ్తుంది. చలికి ఫోన్ బ్యాటరీ త్వరగా పడిపోతుంది కాబట్టి లోపలి జేబులో ఉంచండి, పవర్ బ్యాంక్ తోడుంచుకోండి.

పొద్దున బస్సు

రేక్యవిక్ నడిబొడ్డున పెద్ద బస్సులు హోటల్ గుమ్మం దాకా రావు. నంబర్లు వేసిన టూర్ బస్‌స్టాపులు ఉంటాయి. మీ స్టాప్ ఏదో ముందురోజు వెలుతురుండగానే నడిచి చూసి రండి. పికప్ అరగంట వ్యవధిలో ఎప్పుడైనా కావచ్చు. లాబీలో కూర్చుని ఎదురుచూస్తే బస్సు వెళ్లిపోతుంది. తెల్లటి వ్యాన్లు చాలా ఉంటాయి, కంపెనీ పేరు చూసి ఎక్కండి.

దిగే ప్రతి చోటా గైడు టైమ్ చెప్తాడు. ఆ టైమ్‌కి బస్సులో ఉండటం మర్యాద ఒక్కటే కాదు. పగటి వెలుతురు నాలుగైదు గంటలే ఉన్నప్పుడు మీ పదిహేను నిమిషాలు తర్వాతి చోట అందరికీ చీకటి అవుతుంది.

నేల, నీరు, గాలి

థింగ్‌వెట్లిర్‌లో 930లో ఐస్‌ల్యాండ్ పార్లమెంటు మొదలైంది. చూడటానికి ప్రశాంతంగా ఉంటుంది. కానీ అక్కడ నేలంతా చీలికలు, వాటి మీద మంచు పరుచుకుంటే కనబడవు. చెక్క దారి, కట్టిన బాట వదలొద్దు.

గేసిర్ దగ్గర స్ట్రోక్కుర్ అనే వేడినీటి ఊట కొద్ది నిమిషాలకోసారి ఎగజిమ్ముతుంది. ఎగిరిన నీరు చుట్టూ పడి గడ్డకడుతుంది. వేడినీటి ఊట చుట్టూ అంత మంచు ఉంటుందని ఎవరూ అనుకోరు, అందుకే అక్కడ బాగా జారతారు. గాలి వెనక నుంచి మీ వీపుకు తగిలేలా నిలబడండి, లేదంటే ఆ నీరు మీ మీదే. తాడు దాటి చెయ్యి పెట్టి "వేడిగా ఉందా" అని చూడొద్దు, మరిగే నీళ్లవి.

గుల్‌ఫాస్ దగ్గర కింది బాట మంచు పట్టినప్పుడు గొలుసు కట్టి మూసేస్తారు. సెల్యలాండ్స్‌ఫాస్ వెనక నుంచి నడిచే దారి కూడా అంతే. ఎవరో గొలుసు దాటి వెళ్లారని మీరు వెళ్లకండి. స్కోగాఫాస్ పక్కన ఐదు వందలకు పైగా మెట్లున్నాయి. ఎక్కడం సులువే, మంచు పట్టిన మెట్లు దిగడమే కష్టం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద నుంచే చూడండి, జలపాతం కింద నుంచే బాగుంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ భయపడాల్సింది రేనిస్‌ఫ్యారా బీచ్‌కి. నల్ల ఇసుక, రాతి స్తంభాలు, ఫోటోలకి పిచ్చెక్కించే చోటు. విశాఖలో, సూర్యలంకలో కాళ్లు తడుపుకునే అలవాటుతో వెళ్తాం. ఇక్కడ సముద్రపు అడుగు ఒడ్డు దగ్గరే నిటారుగా లోతైపోతుంది, అల బలం తగ్గకుండానే వచ్చి కొడుతుంది. పది అలలు దూరంగానే ఆగిపోతాయి, పదకొండోది హఠాత్తుగా మీ వెనకున్న రాళ్ల దాకా వస్తుంది. వెనక్కి వెళ్లేటప్పుడు కాలి కింద ఇసుకని లాగేస్తుంది. 2025 ఆగస్టులో జర్మనీ నుంచి వచ్చిన తొమ్మిదేళ్ల పాప ఇక్కడే కొట్టుకుపోయింది. 2022లో దారి మొదట్లో హెచ్చరిక లైట్లు పెట్టారు. ఎరుపు వెలిగితే పైనుంచి చూసి వెనక్కి రండి. లైటు ఏ రంగులో ఉన్నా సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీ వద్దు, రాతి స్తంభాలెక్కి కూర్చోవద్దు, పిల్లల చెయ్యి వదలొద్దు. ఎవరైనా నీళ్లలో పడితే వెనకే దూకకండి, 112కి ఫోన్ చేయండి.

దారిలో సోల్‌హేమసాందుర్ దగ్గర 1973లో దిగిన విమానం శిథిలాన్ని చూడటానికి నడిచి వెళ్దామనిపిస్తుంది. చెట్టూ గుట్టా లేని మైదానంలో వెళ్లడానికే సుమారు నాలుగు కిలోమీటర్లు. 2020 జనవరిలో ఇద్దరు చైనా యువ పర్యాటకులు తుఫాను రోజున ఆ దారి దగ్గర చనిపోయి కనిపించారు. గైడు కాదంటే కాదనే.

తిండి

కుళాయి చన్నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు, సీసా కొనక్కర్లేదు. వేడినీళ్లకి గంధకం వాసన ఉంటుంది, స్నానానికి ఇబ్బందేమీ లేదు. పెట్రోల్ బంకుల్లో దొరికే హాట్‌డాగ్‌లో గొర్రె మాంసంతోపాటు పంది, గొడ్డు మాంసం కూడా కలుస్తాయి, తినని వాళ్లు చూసుకోండి. శాకాహారులకు సూప్, బ్రెడ్, స్కిర్ దొరుకుతాయి. స్కిర్ గడ్డపెరుగే అనుకోండి, తీపి కలపనిది తీసుకుంటే అన్నంలోకి బ్రహ్మాండంగా ఉంటుంది. పులిహోర కట్టుకెళ్లడం మంచి ఆలోచనే, కానీ చాలా బస్సుల్లో తిననివ్వరు, ఆగిన చోట తినండి.

రాత్రి బస్సు ఆలస్యమైతే రేక్యవిక్‌లో వంటగదులు మూసేసి ఉంటాయి. ముందురోజే బోనస్, క్రోనాన్ లాంటి సూపర్‌మార్కెట్లో కాస్త బ్రెడ్డు, పెరుగు, పళ్లు కొని రూమ్‌లో పెట్టుకోండి. తడిసిన బూట్లలో పాత పేపర్లు కుక్కి హీటర్‌కి కొంచెం దూరంగా ఉంచితే మర్నాటి టూర్‌కి ఆరిపోతాయి.