ట్యాబ్‌లో చోటు ఖాళీ చేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

గత నెలలో పలాస నుంచి మా దగ్గరి బంధువు ఒకరు ట్యాబ్ పట్టుకుని శ్రీకాకుళంలోని మా ఇంటికి వచ్చారు. పిల్లల పాఠాల వీడియోలకు చోటు చాలడం లేదని, ఫోనులో ఎలాగూ ఉన్నాయన్న ధీమాతో, ట్యాబ్‌లోని గూగుల్ ఫొటోస్ తెరిచి పాత చిత్రాలన్నింటినీ తొలగించి, తొలగించినవి కొన్నాళ్లు ఉండే ట్రాష్‌ను కూడా ఖాళీ చేశారు. తీరా చూస్తే ఫోనులోనూ లేవు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చిన జీడితోట చిత్రాలూ, వారి నాన్నగారి చివరి సంక్రాంతి ఫొటోలూ వాటితోనే పోయాయి. ఇంతా చేస్తే ట్యాబ్‌లో కలిసొచ్చిన చోటు దాదాపు ఏమీ లేదు.

కొన్నాళ్ల కిందట ఆయన ఫోనులో ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కి ఉన్నారు. అది బ్యాకప్ అయిన, అంటే గూగుల్ ఖాతాలోకి ప్రతి చేరిన ఫొటోలను ఫోనులోంచి తీసివేసి, ఆ ఖాతాలోని ప్రతిని మాత్రమే మిగులుస్తుంది. ఆ తరువాత ఫోనులో కనిపించినదీ, ట్యాబ్‌లో కనిపించినదీ ఆ ఒక్క ప్రతే. ఒకే బావికి రెండు గిలకలు బిగిస్తే రెండు బావులు అయిపోవు. రెండు తెరల మీద కనిపించింది కాబట్టి రెండు ప్రతులున్నాయనుకోవడమే నేను చూసినంతలో జనాన్ని నిలువునా ముంచిన పొరపాటు. యాపిల్ వారి ఐక్లౌడ్ ఫొటోస్ వాడేవారికీ ఇదే వర్తిస్తుంది. ఐప్యాడ్‌లో తొలగించిన ఫొటో ఐఫోనులోనూ పోతుంది.

పొరపాటు జరిగిందని తెలిసిన వెంటనే ట్రాష్ చూడండి. బ్యాకప్ అయిన ఫొటోలను గూగుల్ 60 రోజులు, బ్యాకప్ కానివాటిని 30 రోజులు అందులో ఉంచుతుంది. ఐక్లౌడ్‌లో గడువు 30 రోజులు. ట్రాష్‌ను మీరే ఖాళీ చేస్తే ఈ గడువులేవీ పనికిరావు.

నిజానికి ట్యాబ్‌లో చోటు తినేవి చాలావరకు దించుకున్న వీడియోలు, ఆటలు, వాడని యాప్‌లు. సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ పేజీ చూసి వాటితో మొదలుపెట్టండి. యాప్ తాత్కాలికంగా దాచుకున్నవాటిని మాత్రమే తుడిచే ‘క్లియర్ కాష్’ వల్ల నష్టం లేదు. యాప్‌లో మీరు దాచుకున్నవి కూడా తుడిచిపెట్టే ‘క్లియర్ డేటా’ జోలికి పోకండి.

మన జిల్లాలో అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. కరెంటు పోయి, సెల్ టవర్లు మూగబోయిన రోజుల్లో ఖాతాలో ఉన్న ఫొటో కంటికి కూడా కనబడదు. అందువల్ల పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం చిత్రాలు ఫోనులోనే ఉండాలి. వాటిని ఒక ఫోల్డరులో వేసుకుని, పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఎక్కించండి. ఈ రెండు నెలలూ ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కకండి. ఫోనులో నిజంగా ఏమున్నాయో ఫైల్స్ యాప్‌లో చూడండి, ఫొటోస్ యాప్‌ను నమ్మకండి. ఉచితంగా వచ్చే 15 జీబీ నిండితే బ్యాకప్ ఆగిపోతుంది. అది జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపి ఇచ్చినది కనుక ఎంత మిగిలిందో ముందే చూసుకోండి. వాట్సాప్ ఫోల్డరుకు బ్యాకప్‌ను విడిగా ఆన్ చేయనిదే ఆ ఫొటోలు ఖాతాలోకి వెళ్లవు. ట్యాబ్‌లోని ప్రతి మాత్రమే పోవాలంటే ‘డిలీట్ ఫ్రమ్ డివైస్’ ఎంచుకోండి. చెత్తబుట్ట గుర్తు నొక్కకండి. పిల్లల చేత ఈ పని చేయించకండి. రాత్రి నిద్రమత్తులో చేయకండి. రెండు తెరలు, ఒక్కటే ప్రతి: ఈ మాట ట్యాబ్ వెనుక కాగితం మీద రాసి అంటించినా తప్పులేదు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిన ఫొటోలను నాలుగైదు తెరిచి చూశాకే తొలగింపు మొదలుపెట్టండి.