పాత మియాటాలో స్టీరింగ్ వణుకు: సస్పెన్షన్ విప్పే ముందు చూసుకోవాల్సినవి

మా మిషిగన్‌లో ఒకటి రెండు గట్టి వానలు పడి చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన, ఇనుముకు తుప్పు పట్టించే ఉప్పు కొట్టుకుపోయాకే పాత స్పోర్ట్స్ కార్లు గ్యారేజీల్లోంచి బయటికొస్తాయి. నా 1992 మజ్దా మియాటాకు కూడా ఏప్రిల్‌లోనే కవరు తీస్తాను. ఆ మొదటి వారంలోనే తోటి మియాటా వాళ్ల దగ్గర ఒకే మాట వినిపిస్తుంది: "గంటకు 60 మైళ్ల వేగం దాటగానే స్టీరింగ్ వణుకుతోంది, సస్పెన్షన్ మొత్తం మార్చేద్దామనుకుంటున్నా."

కాస్త ఆగండి. వణుకు ఎక్కణ్నుంచి వస్తోందో పట్టుకోవడం ఒక పని, అరిగిపోయిన సస్పెన్షన్‌ని బాగుచేసుకోవడం ఇంకో పని. రెండూ కలిపి ఒకే శనివారం మొదలుపెడితే డబ్బూ పోతుంది, వణుకూ మిగులుతుంది. నాకు అదే జరిగింది. ఒక షాపులో చూపిస్తే టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కీళ్లు), లోయర్ బాల్ జాయింట్లు (చక్రాన్ని కింది ఆర్మ్‌కు కలిపే గుండ్రటి కీళ్లు), నాలుగు షాక్ అబ్జార్బర్లు అని చీటీ రాసిచ్చారు. అన్నీ మార్పించాను. హైవే ఎక్కి 62 మైళ్లకు రాగానే మళ్లీ అదే వణుకు. చివరికి ఇంటి దగ్గర ఎడమ ముందు చక్రం ఊడదీస్తే, హబ్ (చక్రాన్ని బిగించే ఇనుప పళ్లెం) ముఖం మీద చిటికెన వేలి గోరంత తుప్పు పెచ్చు కనిపించింది. మందం చూస్తే పోస్టుకార్డు కంటే ఎక్కువ ఉండదు. చక్రం బిగించిన ప్రతిసారీ దాని మీదికెక్కి ఒక పక్కకు వాలుతోందన్నమాట. వైరు బ్రష్‌తో పావుగంట రుద్దితే పోయింది.

ఈ బండి ఇంత చిన్నదానికి ఎందుకు వణుకుతుంది? 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించినప్పటి నుంచీ మియాటా గొప్పతనమంతా తేలికలోనే ఉంది. బరువు వెయ్యి కిలోలకు కాస్త అటూ ఇటూ. ముందూ వెనకా డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ప్రతి చక్రాన్నీ పైన ఒకటి, కింద ఒకటి రెండు ఆర్మ్‌లు పట్టుకుని ఉంటాయి. పవర్ స్టీరింగ్ లేని మోడల్ అయితే రోడ్డు మీది గులకరాయి కూడా చేతికి తెలుస్తుంది. బరువైన బండి మింగేసే దోషాన్ని ఇది నేరుగా మీ చేతుల్లో పెడుతుంది. కంపెనీ ఇచ్చిన 185/60 ఆర్14 టైరు 60 మైళ్ల వేగంలో సెకనుకు దాదాపు 15 చుట్లు తిరుగుతుంది. సాధారణంగా కార్ల చక్రాలు, వాటిని పట్టుకున్న ఆర్మ్‌లు సహజంగా ఊగే వేగం సెకనుకు 10 నుంచి 15 సార్లు. రెండూ కలిసినచోట ఉయ్యాలను సరిగ్గా ఊపు మీద తోసినట్టు అవుతుంది. అందుకే 55 దగ్గర ఏమీ లేదు, 62 దగ్గర వణుకు, 75 దాటితే మళ్లీ మాయం. ఇలా ఒక వేగం దగ్గరే వచ్చి పోయే వణుకు అయితే ముందు అనుమానం చక్రం మీద, టైరు మీద పెట్టుకోండి. అరిగిన బుష్‌లు (ఆర్మ్‌ల కీళ్లలో ఉండే రబ్బరు గొట్టాలు) ఆ వణుకును ఎక్కువ చేసి చూపిస్తాయి, అంతే. పుట్టించేది చాలాసార్లు చక్రమే.

స్పానర్ ముట్టుకోకముందు ఒక గంట బండి నడిపి గమనించండి. వణుకు చేతుల్లో తెలిస్తే ముందు చక్రాల వైపు, సీట్లో తెలిస్తే వెనక వైపు వెతకాలి. బ్రేక్ తొక్కినప్పుడే వస్తే అది డిస్క్‌ల వ్యవహారం. అదే వేగంలో గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి బండిని దానంతట అది సాగనివ్వండి. ఇంజిన్ స్పీడు పడిపోయినా వణుకు అలాగే ఉందంటే తప్పు ఇంజిన్‌ది కాదు. సన్నగా జుమ్మని సీటు కింద మోగుతుంటే అది ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని వెనక చక్రాలకు తీసుకెళ్లే పొడవాటి కడ్డీ) కావచ్చు. 1.6 లీటర్ల మాన్యువల్ బండిలో వెనక యాక్సిల్ నిష్పత్తి 4.3, కాబట్టి చక్రం ఒక చుట్టు తిరిగేలోపు షాఫ్ట్ నాలుగు చుట్లకు పైనే తిరుగుతుంది. ఆ ఊపు వేరు, చక్రం ఊపు వేరు. రెండు మూడుసార్లు విన్నాక చెవికి అలవాటైపోతుంది. ఈ పరీక్ష ఖాళీ రోడ్డు మీదే చేయండి. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని ఏ వేగంలో మొదలైంది, ఎక్కడ ఆగింది వాళ్లచేత రాయించండి.

తర్వాత చక్రాలు. టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2315 అని ఉంటే 2015లో 23వ వారం తయారైందని అర్థం. ట్రెడ్ ఎంత బాగున్నా పదేళ్లు దాటిన టైరుతో కొండ రోడ్లకు పోకండి. చలికాలమంతా ఒకేచోట నిలబడిన టైరుకు అడుగున చదునైన మచ్చ పడుతుంది. ఇరవై ముప్పై మైళ్లు తిప్పి వేడెక్కాక అది పోతుందో లేదో చూసి అప్పుడు మాట్లాడండి. రిమ్ము లోపలివైపు గట్టిపడిన మట్టి కూడా బ్యాలెన్స్ చెడగొడుతుంది, గీకేయండి. బయట కొన్న చక్రాలైతే నడిమధ్య రంధ్రం చూడండి. మియాటా హబ్‌కు 54.1 మిల్లీమీటర్లు కావాలి. చాలా చక్రాలకు అంతకంటే పెద్ద రంధ్రం ఉంటుంది, మధ్యలో రింగు వేయకపోతే చక్రం సరిగ్గా మధ్యన కూర్చోదు. బ్యాలెన్సింగ్‌కు వెళ్లినప్పుడు టైరును రోలర్‌తో ఒత్తి పరీక్షించే రోడ్ ఫోర్స్ మిషన్ ఉన్న షాపుకే వెళ్లండి. మామూలు బ్యాలెన్సింగ్‌లో సున్నా చూపించిన టైరు కూడా గుండ్రంగా లేకపోతే బరువు పడగానే ఎగిరెగిరి పడుతుంది. ఇదేదీ చేసే వీలు లేకపోతే ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి చూడండి. వణుకు చేతుల్లోంచి సీట్లోకి మారిందంటే మీకు జవాబు దొరికినట్టే, రూపాయి ఖర్చు లేకుండా.

అప్పుడు లూజు ఎక్కడుందో చూడాలి. ముందు చక్రం నేల నుంచి లేపి, గడియారంలో 12, 6 ఉండే చోట్ల రెండు చేతులతో పట్టుకుని ఊపండి. తర్వాత 9, 3 దగ్గర. అడ్డంగా ఊగితే టై రాడ్ ఎండ్ మీద, నిలువుగా ఊగితే బేరింగ్ మీద లేదా బాల్ జాయింట్ మీద అనుమానం. నేను ఊపుతుంటే మా తమ్ముడు లోపల బ్రేక్ తొక్కి పట్టాడు. "అన్నయ్యా, ఇప్పుడు ఊగుతోందా?" అన్నాడు. ఊగడం ఆగిపోయింది. బ్రేక్ తొక్కగానే లూజు పోయిందంటే అది బేరింగ్ లూజే. తొక్కినా ఊగుతుంటే బాల్ జాయింట్ చూడాలి. వేళ్లు జాయింట్ మీద ఆనించి ఇంకొకరిని ఊపమనండి, కంటికి కనపడని కదలిక వేలికి తెలుస్తుంది.

ఇక బండి కిందికి దూరే విషయం. ఇక్కడ నేను ఎవరి మాటా వినను. ఒక్క జాకీ మీద నిలబడ్డ బండి కింద చెయ్యి కూడా పెట్టకూడదు. ముందు క్రాస్‌మెంబర్ (బండి అడుగున అడ్డంగా ఉండే ఇనుప దూలం) మధ్యలో, వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తిని పంచే గేరు పెట్టె) కింద జాకీ పెట్టి లేపి, జాక్ స్టాండ్ల మీద దించి, చేత్తో గట్టిగా తోసి చూశాకే పని మొదలుపెట్టాలి. చాలామంది మరిచిపోయేది ఒకటుంది. హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. వెనక భాగం లేపితే ఆ బ్రేక్ ఉన్నా లేనట్టే, కాబట్టి ముందు చక్రాలకు రెండువైపులా అడ్డు చెక్కలు తప్పనిసరి. తారు డ్రైవ్‌వే ఎండకు మెత్తబడుతుంది, స్టాండు కాళ్లు మెల్లగా దిగబడతాయి. కింద మందపాటి ప్లైవుడ్ ముక్కలు వేయండి. ఊడదీసిన చక్రాన్ని బండి అంచు కిందికి తోసి ఉంచితే రెండో కాపలాగా ఉంటుంది.

స్ప్రింగు పని నేను ఇంట్లో చేయను, మిమ్మల్నీ చేయమనను. షాక్ అబ్జార్బర్ నడినెత్తిన ఉన్న నట్టును స్ప్రింగు నొక్కిపెట్టకుండా విప్పితే అది తుపాకీ గుండులా ఎగురుతుంది. స్ప్రింగును నొక్కడానికి అద్దెకు తెచ్చే కంప్రెసర్ కొక్కేలు జారిన సందర్భాలున్నాయి. అసెంబ్లీ ఊడదీసి తీసుకెళ్తే షాపువాళ్లు గోడకు బిగించిన మిషన్ మీద మార్చి ఇస్తారు. ఆ కాస్త ఖర్చుకు వెనకాడకండి.

ఉప్పు తిన్న బండిలో అసలు యుద్ధం లోయర్ ఆర్మ్ క్యామ్ బోల్టులతో, అంటే తిప్పి చక్రం కోణం సవరించే బోల్టులతో. బుష్ లోపలి ఇనుప గొట్టానికి అవి తుప్పుతో అతుక్కుపోతాయి. వారం ముందు నుంచే రోజూ తుప్పు వదిలించే నూనె కొట్టండి. విప్పేముందు క్యామ్ ఎక్కడుందో తెల్ల పెయింటుతో గీత పెట్టుకోండి. గ్యాస్ మంట టార్చ్‌తో వేడి చేయాల్సి వస్తే రబ్బరు అంటుకుంటుంది, పక్కన మంటలార్పే సిలిండర్ ఉండాలి. బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మాత్రం మంట పెట్టనే వద్దు. కొన్ని రకాల్లో క్లోరిన్ ఉంటుంది, వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. డబ్బా మీద క్లోరిన్ లేదని రాసి ఉన్నా అది మండే ద్రవమే. బాల్ జాయింట్ ఊడదీయడానికి ఫోర్కు దూర్చి కొడితే రబ్బరు బూటు చిరిగిపోతుంది, పుల్లర్ వాడండి. ముందు చక్రాల లోయర్ బాల్ జాయింట్ విడిగా దొరుకుతుంది, అప్పర్‌ది మాత్రం ఆర్మ్‌తో కలిపే కొనాలి. ఇది తెలియక సగం పని విప్పి పెట్టి పార్టు కోసం ఎదురుచూసిన వాళ్లను చూశాను. బ్రేక్ క్యాలిపర్ (డిస్క్‌ను నొక్కిపట్టే భాగం) విప్పితే బ్రేక్ గొట్టానికి వేలాడదీయకండి, తీగతో కట్టండి. నట్టు వదులు కాకుండా దూర్చే కాటర్ పిన్నులు ఎప్పుడూ కొత్తవే. పిన్ను రంధ్రం కుదరకపోతే నట్టు ఇంకాస్త బిగించాలి గానీ వదులు చేయకూడదు.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు చెబుతాను. బండి గాల్లో ఉండగానే బుష్ బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. చక్రం వేలాడుతున్న కోణంలోనే రబ్బరు బిగుసుకుంటుంది. బండి నేల మీదికి దిగగానే అది మెలి తిరిగి, కొత్త బుష్ త్వరగా చిరిగిపోతుంది. బోల్టులు చేత్తో ఎక్కించి, బండి బరువు చక్రాల మీద పడ్డాకే టార్క్ రెంచ్‌తో ఆఖరి బిగింపు చేయాలి. చక్రాల నట్లకు 65 నుంచి 87 ఫుట్-పౌండ్లు చాలు. గాలి గన్నుతో కొట్టించకండి, నక్షత్రం గీసినట్టు ఎదురెదురుగా రెండు విడతల్లో బిగించండి.

బండి కదిలించే ముందు బ్రేక్ పెడల్ నాలుగైదుసార్లు తొక్కి గట్టిపడిందో లేదో చూసుకోండి, లేకపోతే మొదటి మలుపులోనే పెడల్ అడుగంటుతుంది. నేరుగా చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్‌కు వెళ్లండి, అక్కడికి కూడా నిదానంగానే. డ్రైవర్ సీట్లో మీ అంత బరువు పెట్టి కొలవమనండి, ఇంత తేలిక బండిలో ఆ తేడా కనిపిస్తుంది. టెనసీ, నార్త్ కరొలైనా సరిహద్దులో 11 మైళ్లకు 318 మలుపులున్న టెయిల్ ఆఫ్ ద డ్రాగన్‌కు పోవాలని మనసు లాగుతూ ఉంటుంది. దానికి ముందు ఇంటి చుట్టుపక్కల వంద మైళ్లు తిప్పండి. మీరు బిగించిన ప్రతి బోల్టు మీదా, దాని పక్కన ఇనుము మీదా కలిపి ఒక తెల్ల గీత గీసి ఉంచండి. వంద మైళ్లయ్యాక బండిని మళ్లీ స్టాండ్ల మీద పెట్టి, టార్చిలైటు వేసి ఒక్కొక్క గీతా చూడండి. ఏదైనా రెండు ముక్కలుగా విడిపోయి కనిపిస్తే ఆ బోల్టు కదిలినట్టే.