ఇల్లు కడుతున్నారా? ల్యాన్ కేబుల్‌కి విడిగా పైపు వేయించండి

కరెంటు పైపులు వేయించేటప్పుడే రౌటర్ పెట్టే చోటి నుంచి టీవీ దగ్గరికి, చదువుకునే గదికి, పై అంతస్తుకి ఇంకో పైపు విడిగా వేయించి క్యాట్ 6 రకం ల్యాన్ కేబుల్ (రౌటర్ నుంచి నెట్‌ని తీగ ద్వారా తీసుకెళ్లేది) లాగించండి. వైఫై ఉందిగా అనుకుంటాం, కానీ వైఫైలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ స్లాబు దాటేసరికి బాగా పడిపోతుంది, 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఇంకాస్త దూరం వెళ్తుంది గానీ అపార్ట్‌మెంట్లలో చుట్టుపక్కల రౌటర్లన్నీ అందులోనే కొట్టుకుంటుంటాయి. మేం ఈ పని చేయక తర్వాత గోడలు పగలగొట్టించాం, ఆ దుమ్ము, ఆ ఖర్చు మీకొద్దు.

కరెంటు వైర్ల పైపులోనే దూర్చేస్తామని ఎలక్ట్రీషియన్ అంటే అస్సలు ఒప్పుకోకండి, అది ప్రమాదం. కేబుల్ మీద సీసీఏ అని ఉంటే రాగి పూత పూసిన అల్యూమినియం అన్నమాట, అది వద్దు, ప్యూర్ కాపరే అడగండి. పొడవు 100 మీటర్లు దాటకూడదు, మామూలు ఇళ్లకి ఆ బెంగ లేదు.

కనెక్టర్లు బిగించాక కంప్యూటర్‌లో లింక్ స్పీడ్ (కేబుల్ మీద కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్య కుదిరిన వేగం) తప్పకుండా చూడండి. రెండు వైపులా గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులే ఉన్నా 100 ఎంబీపీఎస్ అనే చూపిస్తుంటే, చాలాసార్లు కేబుల్ లోపలి 8 తీగల్లో ఏదో సరిగా తగల్లేదని అర్థం. 100కి 4 తీగలు చాలు, గిగాబిట్‌కి మాత్రం ఎనిమిదీ కావాలి, అందుకే నెట్ వస్తూనే ఉంటుంది, స్పీడ్ రాదు. ఆ కనెక్టర్ కోసేసి కొత్తది వేయించండి, మేస్త్రీ వెళ్లిపోకముందే.