టార్గెట్ మసకగా కనిపిస్తోందా? చేతిని తిట్టుకునే ముందు లైటు చూడండి

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో నల్లటి భాగం అడ్డంగా 30.5 మిల్లీమీటర్లు. నడిమధ్యన పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, అంటే బాల్‌పెన్ను మొన ఆనించినంత. అంత చిన్నదాన్ని మేడ మీద షెడ్డులో ఒక్క ట్యూబ్‌లైటు కింద పెట్టి కొడుతూ, స్కోరు పడిపోతే ట్రిగ్గర్ మీద నెపం వేస్తాం. నేనూ వేశాను.

నలుపు బూడిద రంగులో ఉంది, అంచు తెలియట్లేదు

టార్గెట్ మీద వెలుగు చాలట్లేదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్‌ఎస్‌ఎఫ్ నిబంధనల్లో 10 మీటర్ల టార్గెట్‌కి కనీసం 1500 లక్స్ (ఒక చోట పడే వెలుగు కొలత) అడుగుతారు, 1800 ఉంటే మంచిదంటారు. మీటరు దూరంలో వేలాడే మామూలు 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఇచ్చేది అందులో చాలా తక్కువ. దాని వెలుగంతా గోడలకీ నేలకీ పోతుంది మరి.

పెద్ద బల్బు కొనకండి. ఇరుకుగా వెలుగు చల్లే చిన్న స్పాట్‌లైట్లు రెండు తీసుకుని, టార్గెట్‌కి కాస్త ముందు ఎడమా కుడీ ఏటవాలుగా బిగించండి. దూరం సగానికి తగ్గిస్తే వెలుగు నాలుగింతలవుతుంది. మీ వైపు నుంచి బల్బు కనపడకుండా మందపాటి చెక్క అడ్డం పెట్టండి, దారి తప్పిన పెల్లెట్ (ఎయిర్‌గన్ గుండు) నుంచి కూడా అదే కాపాడుతుంది. ఇదంతా రైఫిల్ ఖాళీ చేసి పక్కన పెట్టాకే. ఫోన్‌లోని లక్స్ యాప్ కొలత కచ్చితంగా ఉండదు గానీ, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చెప్పడానికి పనికొస్తుంది.

వెలుగు బాగానే ఉంది, అయినా తెలుపు నలుపు మీదికి పొంగుతున్నట్టుంది

ఇది నా పొరపాటే. టార్గెట్ కొట్టొచ్చినట్టు కనబడాలని మిగతా లైట్లన్నీ ఆర్పేసి, గదిని సినిమా హాలు చేశాను. నాలుగు షాట్లకే కళ్లలో నీళ్లు. చీకట్లో ఒక్క తెల్ల కాగితం వెలిగిపోతుంటే కళ్లు జిగేలుమంటాయి, కాసేపటికి నలుపు చుట్టూ పొగలాంటి వలయం పడుతుంది. పిస్టల్ వాళ్లకి ఇంకో కష్టం: మసక గదిలో కంటిపాప పెద్దదై, ఫ్రంట్ సైట్ (గొట్టం చివర గురి చూసే ముక్క) స్పష్టంగా ఉంటే టార్గెట్ మరీ మసకబారుతుంది.

మీరు నిలబడే చోట కూడా 300 నుంచి 500 లక్స్ ఉండాలి. ఆ లైటు మీ తల వెనక ఉండాలి, ఎదురుగా కాదు. నేను వెనక ట్యూబ్‌లైటు వేసిన రోజే కళ్లు తేలికపడ్డాయి.

సైట్ చుట్టూ చీకటి

రియర్ సైట్ ఐరిస్ (రైఫిల్‌పై కంటి దగ్గర పెద్దదీ చిన్నదీ చేసుకునే రంధ్రం) మరీ బిగించారేమో చూడండి. బొమ్మ పదునుగా ఉంటుందని రంధ్రం చిన్నది చేస్తాం, దాంతో వెలుగూ తగ్గుతుంది. 1.0 నుంచి 1.2 మిల్లీమీటర్లకు తెరిస్తే 44 శాతం ఎక్కువ వెలుగు వస్తుంది. రంగు ఫిల్టర్ ఉంటే తీసేయండి. ఐరిస్‌లో దుమ్ము కూడా ఉండొచ్చు, ఊదితే పోతుంది.

టార్గెట్ సన్నగా వణుకుతోంది

చవక ఎల్ఈడీ లేదా పాత చోక్ ట్యూబ్ మిణుకు. ఫోన్ కెమెరా స్లో మోషన్‌లో పెట్టి చూస్తే చారలు కదులుతాయి. మార్చేయడమే.

పిస్టల్ గ్రూప్ (షాట్లు పడ్డ గుంపు) చిన్నగానే ఉంది, కానీ పక్కకి జరిగింది

పొద్దున బాగుండి సాయంత్రం జరిగితే కిటికీని అనుమానించండి. ఒక పక్క నుంచి వెలుగు పడితే ఫ్రంట్ సైట్ అంచు మెరిసి తెలుపులో కలిసిపోతుంది, మిగిలిన నల్ల ముక్కనే మీరు వెనక సైట్ గాడి మధ్యలో పెడతారు. సైట్ తిప్పకండి, కర్టెన్ వేయండి. అరిగి మెరుస్తున్న సైట్‌కి మెరుపు లేని నల్ల రంగు పూయండి. కర్పూరం మసి పట్టించే పాత పద్ధతి ఇప్పటికీ బాగా పనిచేస్తుంది, కాటుక పట్టినట్టు. కాకపోతే సైట్ విప్పి దూరంగా తీసుకెళ్లి చేయండి, తుపాకీ గాలి సిలిండర్ దగ్గర మంట వద్దు.