బరువైన చెక్క విల్లుకు కొలతలు: మందం సంగతి చివర్లో

"85 పౌండ్ల విల్లు చేయాలనుకుంటున్నాను, చెక్క ఎంత మందం ఉండాలి?" విల్లు పని కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఇదే. (ఈ పౌండ్లు విల్లు తూకం కాదు, నారిని పూర్తిగా లాగడానికి పట్టే బలం. దాన్నే లాగుడు బరువు అంటాం.) నేను మాత్రం వాళ్ల బార కొలిచి చెప్పమంటాను. రెండు చేతులూ బారచాపి, ఈ మధ్యవేలి కొస నుంచి ఆ మధ్యవేలి కొస దాకా కొలిచి, రెండున్నరతో భాగించండి. మీరు నారిని ఎంత దూరం లాగుతారో సుమారుగా తెలుస్తుంది. నా బార 178 సెంటీమీటర్లు. అంటే లాగుడు 71 సెంటీమీటర్లు, 28 అంగుళాలు. ముందు పొడవు, తర్వాత వెడల్పు, ఆఖర్న మందం. ఈ వరస తప్పితే బరువైన విల్లు ఎక్కువ కాలం నిలవదు.

వంగే చెక్క బిగువు వెడల్పుతో పాటు సమానంగా పెరుగుతుంది. వెడల్పు రెట్టింపు చేస్తే లాగుడు బరువు రెట్టింపు. మందం సంగతి వేరు, అది ఘనంలో పెరుగుతుంది. మందం 10 శాతం పెంచితే బరువు 33 శాతం పెరుగుతుంది, 26 శాతం పెంచితే రెట్టింపు అవుతుంది. అందుకే అందరూ మందం మీద ఆశ పడతారు. కానీ అంతే వంపుకు మందమైన చెక్కలో వెన్ను ఎక్కువ సాగాలి, పొట్ట ఎక్కువ నలగాలి. (లక్ష్యం వైపు ఉండేది వెన్ను, మన వైపు ఉండేది పొట్ట.) వెడల్పు పెంచినప్పుడు ఆ బాధ ఉండదు. 25 మిల్లీమీటర్ల పట్టీ పక్కన అలాంటిదే ఇంకో పట్టీ పెట్టినట్టు, ఏదీ మునుపటికంటే ఎక్కువ కష్టపడదు.

నేనుండేది ఒహాయోలో. ఇక్కడ హికరీ తేలిగ్గా దొరుకుతుంది. గొడ్డలి పిడులకు వాడే కర్ర అది. వెన్ను వైపు సాగుడును అద్భుతంగా తట్టుకుంటుంది. పొట్ట వైపు మాత్రం ముందు నలిగి, నారి విప్పాక కూడా కొంత వంపు అలాగే ఉండిపోతుంది. కాబట్టి హికరీకి గుండ్రటి పొట్ట వద్దు. బల్లపరుపుగా, వెడల్పుగా ఉంచండి.

ఇక పొడవు. పిడి దగ్గర వంగని విల్లుకు నేను వాడే లెక్క ఇది: లాగుడుకు రెండింతలు, దానికి వంగని భాగం కలపాలి. పట్టుకునే చోటు 10 సెంటీమీటర్లు, అటూ ఇటూ వాలుగా పలచబడే భాగం చెరో 5, మొత్తం 20. అంటే నా లాగుడుకు 56 అంగుళాలు, ఆ 20 సెంటీమీటర్లకు 8 కలిపితే 64. ఇది కనీసం మాత్రమే. 45, 50 పౌండ్లకు సరిపోతుంది కానీ బరువైన విల్లుకు నేను 72 అంగుళాలకు తగ్గను. పొట్టి విల్లు చురుగ్గా ఉంటుందన్న మాట నిజమే అయినా, హికరీ పొట్ట నలిగిపోయాక ఆ చురుకు మిగలదు.

పాతకాలపు వాళ్లూ పొడవునే నమ్ముకున్నారు. 1545లో ఇంగ్లండు దక్షిణ తీరంలో మునిగిపోయిన మేరీ రోజ్ యుద్ధనౌకను 1982లో పైకి తీశారు. అందులో దొరికిన యూ చెట్టు కర్ర విళ్లు సుమారు 1.87 నుంచి 2.11 మీటర్ల పొడవున్నాయి. వాటి లాగుడు బరువు 100 పౌండ్లకు పైనేనని అంచనా. అవి సన్నటివి, మందమైనవి, నేను చెప్పే వెడల్పు విల్లుకు పూర్తిగా భిన్నం. అంత మందాన్ని ఆ పొడవూ, పిడితో సహా నిలువెల్లా వంగే తీరూ కలిసి కాపాడాయి. నలుగుడుకు ఓర్చే యూ చేవ కర్ర పొట్ట వైపు ఉండటమూ కలిసొచ్చింది. ఆ విళ్ల ఫొటో చూసి హికరీతో 68 అంగుళాల సన్నటి విల్లు మొదలుపెట్టకండి, దయచేసి.

వెడల్పు: పిడి వాలు దిగే చోట 50 మిల్లీమీటర్లు, అక్కడ నుంచి కొస దాకా తిన్నటి గీతలో 12కి తగ్గించండి. ఈ ఆకారంలో గొప్ప సుఖం ఏమిటంటే రెక్క (పిడికి అటూ ఇటూ వంగే భాగం) మందం దాదాపు అంతటా ఒకటే ఉంటుంది. మంచి హికరీ అయితే 72 అంగుళాల విల్లుకు 28 అంగుళాల లాగుడు దగ్గర 85 పౌండ్లు రావడానికి మందం 16 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వస్తుంది. అదే విల్లు 50 పౌండ్లకైతే పదమూడున్నర. చూశారా, 35 పౌండ్ల తేడాకి మందంలో మూడు మిల్లీమీటర్లు కూడా లేదు! మీకు 100 పౌండ్లు కావాలంటే మందం ముట్టుకోకుండా వెడల్పు 59కి పెంచండి చాలు.

16 దగ్గర ఉన్నప్పుడు అర మిల్లీమీటరు గీకితే దాదాపు 8 పౌండ్లు పోతాయి. కాబట్టి టేపు పక్కన పెట్టి వెర్నియర్ కాలిపర్ తెచ్చుకోండి. ఉప్పుకాగితంతో నునుపు చేయడానికే రెండు మూడు పౌండ్లు ఖర్చవుతాయి, అందుకే 88 దగ్గర ఆగాలి. కోసేటప్పుడు మాత్రం 18 మిల్లీమీటర్లు ఉంచండి. ఆ మందంలో పూర్తిగా లాగితే 120 పౌండ్లు దాటుతుంది, కాబట్టి అప్పుడే పూర్తిగా లాగకూడదు. గోడకు బిగించిన కప్పీ, తూకం సాయంతో ఎప్పుడు లాగినా 88 దాటనివ్వకండి. ఎన్ని అంగుళాల దగ్గర 88 వస్తే అక్కడే ఆపి, రెండు రెక్కలూ సమంగా వంగుతున్నాయో లేదో చూసి, బిగుసుకున్న చోట గీకి, మళ్లీ లాగండి. ఎదురుగా నిలబడకుండా పక్కనుంచి తాడు లాగండి.

పిడికి అదే చెక్క ముక్క అంటించి మొత్తం లోతు 38 నుంచి 40 మిల్లీమీటర్లు ఉంచుతాను, వెడల్పు 30. వాలు మరీ నిటారుగా దిగితే అంటించిన ముక్క కొస లేచిపోతుంది, నిదానంగా దిగాలి.

ఈ అంకెలన్నీ నార తిన్నగా ఉన్న చెక్కకే వర్తిస్తాయి. కలప దుకాణంలో పలకలు ఒక్కొక్కటీ తిరగేసి చూడటానికి సిగ్గుపడకండి. నార గీతలు ఒక కొస నుంచి రెండో కొస దాకా వెళ్లాలి. మధ్యలో అంచు దాటి బయటికి పోతే ఆ పలక ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. పక్క అంచుల మీద కూడా చూడాలి. 50 పౌండ్ల విల్లు నార కొంచెం వాలి ఉన్నా క్షమిస్తుందేమో గానీ 85 క్షమించదు.

తేమ ఇంకో సంగతి. హికరీ 6 నుంచి 8 శాతం తేమలో బాగా పని చేస్తుంది. ఇక్కడ చలికాలంలో హీటర్ వేసిన ఇంట్లో దానంతట అదే ఆరుతుంది, జులైలో గ్యారేజీలో వదిలేస్తే తేమ పీల్చి మెత్తబడుతుంది. తేమ మీటర్ ఖరీదైనదేమీ కాదు, కొనండి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉన్నవాళ్లు వెడల్పు ఇంకో ఐదారు మిల్లీమీటర్లు ఎక్కువ వేసుకుని, విల్లును ఏసీ గదిలో ఉంచుకుంటే మంచిది.

మన దగ్గర హికరీ పెరగదు కదా అంటారా? వేరే కర్ర తీసుకుంటే ముందు దాని బిగువు చూడండి. మీ కర్రలోంచి ఒక సన్నటి పట్టీ, బిగువు తెలిసిన కర్రలోంచి అదే కొలతలో ఇంకో పట్టీ తీసి, ఒక కొస బిగించి, రెండో కొసకు ఒకే బరువు వేలాడదీసి ఎంత దిగాయో కొలవండి. మీ కర్ర బిగువు 20 శాతం తక్కువైతే మందం 8 శాతం పెంచితే సరిపోతుంది, 16 కాస్తా పదిహేడుంపావు అవుతుంది. అదే పట్టీని విల్లు వంగేంత వంచి, గంట సేపు అలాగే కట్టి ఉంచి విప్పండి. వంపు ఎక్కువగా మిగిలిపోతే ఆ కర్రకు వెడల్పు పెంచి, మందం తగ్గించి మొదలుపెట్టండి.