అసీల్ కోళ్ల పెంపకం, 4వ పాఠం: గుడ్లు ఏరుడు, పొదగబెట్టుడు

పోయిన పాఠంల పుంజును, పెట్టలను ఎట్ల ఏరుకోవాలెనో చూసినం కదా, ఒక పుంజుకు నాలుగైదు పెట్టలు చాలని చెప్పిన. ఇయ్యాల గుడ్ల ముచ్చట.

ఫారం లేయర్ కోడి ఏడాదికి 300 దాకా గుడ్లు పెడ్తది, మన అసీల్ పెట్ట మాత్రం 30, 40 పెడ్తే మస్తు. అంటే మంచి జాతి పిల్లలు కావాలంటే ఒక్క గుడ్డు కూడా ఉత్తగ పోవద్దు. చానామంది పొదగబెట్టినంక జాగ్రత్త పడ్తరు, గని అసలు పనంతా దానికంటె ముందుంటది.

ముందుగాల ఆ గుడ్డు ఏ పుంజుదో గట్టిగ తెలువాలె. పుంజును తీసేసినా దాని బీజం పెట్ట కడుపుల రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే బతికుంటది. అంగడిల కొన్న పెట్టను తెచ్చి మీ డేగ (ఎర్ర ఈకల) పుంజు తోని ఇడిస్తే మొదటి మూడు వారాల గుడ్లు ఆమ్లెట్‌కే వాడుకోండ్రి. రేపు షోల పెట్టాలన్నా, పిల్లలను అమ్మాలన్నా తండ్రెవడో చెప్పలేకపోతే ఎవ్వడు నమ్మడు, రంగు చూసి తండ్రిని పట్టుడు కాని పని.

గుడ్లు దినాం ఏరాలె. పెన్సిల్‌తోని తారీఖు, ఏ పెట్టదో రాయండ్రి, మార్కర్ వద్దు, ఇంకు పెంకుల నుంచి లోపలికి దిగుతది. మొన కిందికి పెట్టి ఇంట్ల చల్లటి మూలకు ట్రేల ఉంచాలె, ఏడు రోజులు దాటనీయొద్దు. కడుగుడు అస్సలు వద్దు, పెంకు మీద సన్నటి పొర ఉంటది, అది పోతే మురికి లోపలికి పోతది. పెంట బాగ అంటిన గుడ్డును పక్కకు పెట్టేయండ్రి. ఖమ్మం దిక్కు నుంచి బస్సుల తెచ్చిన గుడ్లైతే ఒక రోజు కదిలియ్యకుండ ఉంచి అప్పుడు పొదగబెట్టాలె.

మన ఓరంగల్ ఎండలల్ల ఏప్రిల్, మే నెలలు ఈ పని పెట్టుకోవద్దనే నేను చెప్త. ఇంట్లనే 38 డిగ్రీలు ఉంటే కోడి కూసోకముందే గుడ్డుల పిండం పెరుగుడు మొదలువెడ్తది, సక్కగ పెరుగది, సగంల సస్తది. దసరా దాటినంక ఫిబ్రవరి దాకా మంచి టైం.

ఇగ పొదుగుడు కోడి. దగ్గరికి పోతే ఈకలు ఉబ్బిచ్చి, గుర్రుమని, చెయ్యి పొడుస్తదంటే తయారైనట్టే. అసీల్ పెట్ట మంచిగనే పొదుగుతది, గని బరువు ఎక్కువ, కొన్ని గుడ్లు తొక్కి పలగ్గొడ్తది, అందుకే కొంతమంది తేలికపాటి నాటుకోడి కింద పెడ్తరు, అది తెలివైన పనే. గంపల ఇసుక పోసి, మీద వరిగడ్డి పరిచి, నడుమ గుంత చెయ్యండ్రి, పేన్లు రాకుండ జర బూడిద, వేపాకు. 8, 10 గుడ్లు చాలు, అన్నీ ఒక్కనాడే, చీకటి పడ్డంక పెట్టండ్రి. దినానికి ఒకసారి లేచి మక్కలు తిని, నీళ్లు తాగి, దుమ్ముల పొర్లి పావుగంటకు తిరిగొస్తది, దాన్ని పట్టి కూసోబెట్టే పనిలేదు.

ఏడో నాటి రాత్రి గుడ్డు చూడాలె. అట్టముక్కకు చిన్న పొక్క చేసి సెల్‌ఫోన్ టార్చి మీద పెట్టి, గుడ్డు లావు దిక్కు ఆ పొక్కకు ఆనియ్యండ్రి, ఇల్లంతా చీకటి ఉండాలె. లోపల నల్లటి చుక్క, దాని చుట్టు సాలెపురుగు కాళ్ల లెక్క ఎర్రటి నరాలు కనపడ్తే బతికున్నది. మొత్తం పచ్చగ ఖాళీగ మెరిస్తే బీజం పడలే. నరాల్లేకుండ ఎర్రటి గీత గుండ్రంగ తిరిగుంటే లోపల సచ్చిపోయింది, అది ఉంచితే కుళ్లి పలుగుతది, పక్క గుడ్లు కూడా ఖరాబైతయి. అనుమానం ఉన్నదాన్ని తియ్యకండ్రి, పదో నాడు మళ్ల చూడండ్రి.

18వ నాటి నుంచి గంపల చెయ్యి పెట్టొద్దు. 21వ నాడు పెంకు పొక్క కొడ్తయి, పొక్క పడ్డంక బయటికొచ్చేసరికి పూట, ఒక్కోసారి దినమంతా పడ్తది. ఆగలేక మనమే పెంకు గిల్లుడు షురూ చేస్తే లోపల నరాలు ఇంకా ఎండకపోతే నెత్తురు కారి పిల్ల పోతది.

పిల్లలు ఆరినంక కాలుకు రంగు దారం కట్టి, ఏ రంగు ఏ పెట్టదో నోట్‌బుక్కుల రాయండ్రి. వారానికోసారి దారం వదులు చెయ్యకపోతే కాలు కోసుకుంటది. వచ్చే పాఠం పిల్లలకు 5 నుంచి 7 రోజుల మధ్యల వేసే లసోటా చుక్కల (కొక్కెర తెగులు రాకుండ వేసే టీకా) గురించి, మందు కోసం పశువుల దవాఖానల ముందే అడిగి పెట్టుకోండ్రి, పోయేటప్పుడు ఐస్ డబ్బా తీస్కపోండ్రి.