లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ ఎక్కించే ముందు

ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి వచ్చి బరంపురంలో కొత్తగా నర్సు డ్యూటీలో చేరే మన అమ్మాయిల కోసం రాస్తున్నాను. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు ఫంగస్‌ను చంపే ఈ మందు కోసం జనం ఎంత తిరిగారో కళ్ళారా చూశాను. అందుకే ఒక్క వయల్ (చిన్న మందు సీసా) వృథా అయినా నా ప్రాణం ఒప్పుకోదు.

ముందు పేరు మొత్తం చదవండి. మామూలు ఆంఫోటెరిసిన్ రోజుకు కిలోకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. లైపోసోమల్ అయితే 3 నుంచి 5 దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రాస్తారు. ఈ లెక్కలో మామూలుది ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. రౌండ్స్‌లో అందరూ ‘ఆంఫో’ అనే అంటారు. కేస్ షీట్ మీద మాత్రం పూర్తి పేరు ఉండాల్సిందే. లేకపోతే డాక్టరు గారిని అడగండి, మొహమాటం వద్దు.

లైపోసోమ్ అంటే 100 నానోమీటర్ల లోపు ఉండే కొవ్వు బుడగ. మందు ఆ పొరలోనే ఇమిడి ఉండి, ఫంగస్ దగ్గర బయటపడుతుంది. అందువల్ల కిడ్నీల మీద దెబ్బ తగ్గుతుంది. ఆ పొర చెడకుండా చూడటమే మన పని. విశాఖ నుంచి రైల్లో మందు తెచ్చే బంధువులకు, ఐసు వయల్‌కి నేరుగా తగలకుండా గుడ్డ చుట్టమని ముందే చెప్పండి. గడ్డకట్టిన మందు పనికిరాదు.

ఇక కలపడం. సెలైన్‌లోనే (ఉప్పునీటి ద్రావణం) తయారై వచ్చే రకం కూడా మన దేశంలో ఉంది, దాని పద్ధతి వేరు. కాబట్టి పెట్టెలోని కాగితం చదవనిదే వయల్ తెరవొద్దు. నేను చెప్పేది 50 మిల్లీగ్రాముల పొడి రకం గురించి. వయల్‌కి 12 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ వేసి, వెంటనే 30 సెకన్లు గట్టిగా ఊపాలి. మిల్లీలీటరుకు 4 మిల్లీగ్రాములు వస్తుంది. 50 కిలోల మనిషికి కిలోకు 3 చొప్పున రాస్తే 150 మిల్లీగ్రాములు, అంటే మూడు వయల్స్, 37.5 మిల్లీలీటర్లు. 100 మిల్లీలీటర్ల 5 శాతం డెక్స్ట్రోస్ (గ్లూకోజ్) బాటిల్లోంచి అంతే తీసేసి, 5 మైక్రాన్ల ఫిల్టర్ ద్వారా మందు చేర్చండి. ఈ పొడి రకానికి సెలైన్ తగిలితే పాలు విరిగినట్టు విరిగిపోతుంది. పాత లైన్ అయితే డెక్స్ట్రోస్‌తో ఫ్లష్ చేశాకే తగిలించండి. అదే లైన్లో వేరే మందు వద్దు.

మొదటిసారైతే 1 మిల్లీగ్రాము పది నిమిషాల్లో ఇచ్చి, ఆపి, అరగంట చూడండి. బాగుంటే మిగతాది రెండు గంటల్లో వెళ్ళాలి. మంచం పక్కనే ఉండి అడుగుతూ ఉండండి. ఒడియా వాళ్ళనైతే ‘శీత లాగుఛి కి’ (చలేస్తోందా) అనండి. వణుకు, నడుంనొప్పి, ఛాతీ బిగుతు అంటే డ్రిప్ ఆపి డాక్టరును పిలవండి.

మందు నడిచే రోజుల్లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం, మెగ్నీషియం పరీక్షలు తప్పవు. పొటాషియం పడిపోతే నీరసం వస్తుంది, గుండె లయ తప్పుతుంది. రిపోర్టు డాక్టరు చూశాకే తర్వాతి డోసు కలపండి.